నా మీద రాసిన భరించలేని మాట

నేను ఒక నల్లబల్లను. టేకు చెక్కతో చేసి, నల్లరంగు పూసి, వినుకొండ వైపు ఒక ఇంగ్లీషు మీడియం బడి వరండాలో తగిలించారు. బడి పేరు చెప్పను. దాని హెడ్మాస్టరు సుదర్శనరావు మీద నా కసి మాత్రం దాచుకోను.

రోజుకొక ఇంగ్లీషు మాట, దాని అర్థం, వాడుక నా మీద రాయించడం అతని నియమం. సుద్దముక్కలు ముందే నీళ్ళలో నానబెట్టించేవాడు. అలా రాస్తే ఆరాక అక్షరం తెల్లగా మెరుస్తుంది, పొడి డస్టరుకు ఊడదు. అతనికి ఇష్టమైన మాట 'అన్‌బేరబుల్'. ఎండ అన్‌బేరబుల్, అటెండరు తెచ్చిన కాఫీ అన్‌బేరబుల్, పిల్లలు తెలుగులో మాట్లాడుకుంటే మరీ అన్‌బేరబుల్. పాపం, ఫ్యాను కింద కూర్చుని ఎన్ని భరించలేకపోయాడో.

ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, నీళ్ళు లేవు. ఒక గోనెపట్టా వేలాడేది. ఆ కంపుకు జడిసి పిల్లలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడమే మానేశారు. తొమ్మిదో తరగతి కోటేశ్వరి మూత్రంలో మంటతో నాలుగు రోజులు మంచం పట్టింది. తల్లి వచ్చి హెడ్మాస్టరుకు మొరపెట్టుకుంటే, "ఇంటికాడే పని చూసుకుని రమ్మనమ్మా పిల్లని" అన్నాడు. ఇతన్ని వదలకూడదని ఆ రోజే అనుకున్నాను.

విద్యాశాఖ అధికారిణి తనిఖీకి వచ్చే రోజు తనకిష్టమైన మాటే పెట్టాడు. దస్తూరి బాగుంటుందని కోటేశ్వరిని పిలిచి, వాడుక కింద ఎండ గురించి రాయమని చెప్పి గేటు దగ్గరికి పోయాడు. ఆ పిల్ల రాసింది వేరు. 'అవర్ టాయిలెట్ ఈజ్ అన్‌బేరబుల్. సో వియ్ డు నాట్ డ్రింక్ వాటర్.' మా మరుగుదొడ్డిని భరించలేం, అందుకే నీళ్ళు తాగం. ఒక్క అక్షరం వంకర పోలేదు.

అతను తిరిగొచ్చి డస్టరుతో రుద్దాడు. నేను ఒక్క గీత వదల్లేదు. తడిగుడ్డ తెమ్మని అటెండరు ఏసోబును కేకేశాడు.

"కొళాయిలో నీళ్ళు రావట్లేదండి. నెలైంది, తమరికి చెప్పా గదండీ. పైన తమరి మంచినీళ్ళ డబ్బాలోంచి తేనా?" అన్నాడు ఏసోబు.

తెమ్మన్నాడు. ఏసోబు అంత నెమ్మదిగా మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు. ఈలోగా అధికారిణి వచ్చి చదివింది.

"పదండి, చూపిద్దురు గాని" అంది. సుదర్శనరావు ముక్కు మూసుకోడానికి ముందుగానే జేబురుమాలు తీశాడు. "అది లోపల పెట్టండి. పిల్లలు రోజూ అలాగే వెళ్తున్నారుగా" అందామె.

నా కడుపు నిండింది.

వారంలో కొళాయి బాగైంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సుదర్శనరావు నన్ను ఊడబీకించి ఆ దొడ్డి దగ్గరే పారేయమన్నాడు. ఏసోబు పారేయలేదు. నన్ను నిలువుగా తిప్పి, బందులు కొట్టి, ఆ మరుగుదొడ్డికే తలుపుగా బిగించాడు. హెడ్మాస్టరు ఇప్పుడు ఇటువైపు వస్తే తల తిప్పుకుంటాడు.

కోటేశ్వరి మధ్యాహ్నం సీసాడు నీళ్ళు తాగి, లోపలికొచ్చి గడియ వేసుకుంటుంది.