తవిటమ్మ మాట నేర్చుకున్న విధం

భోగాపురం సంతలో తవిటమ్మ చేపల తట్ట దించిందంటే అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళు కాస్త ఎడంగా జరిగేవారు. చేప మెత్తబడిందని ఎవరైనా నోరు జారితే ఆమె వాళ్ళ ముత్తాతల దగ్గర మొదలుపెట్టి మునిమనవల దాకా వచ్చేది. ఆ నోటికి జడిసి ఎవరూ ఆమెను బేరంలో మోసం చేసేవారు కాదు. తన ఇల్లు నిలబడింది తన నోటివల్లనేనని ఆమె నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. భర్త గంగరాజు తెల్లవారకముందే తెప్ప మీద వేటకు పోయేవాడు. ఉన్న కాసిని మాటలూ సముద్రంలోనే వదిలి వచ్చినట్టు ఇంటికి వచ్చాక నోరు విప్పేవాడు కాదు. ఒక్కగానొక్క కొడుకు ఎల్లాజీదీ తండ్రి పోలికే.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. నైలాను వలలు అప్పుడప్పుడే ఆ తీరానికి వస్తున్నాయి. ఎల్లాజీకి పెళ్ళయి కోడలు నూకాలు కాపురానికి వచ్చింది. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న పిల్ల. అన్న సింహాద్రి పెంచాడు. పనిమంతురాలే గాని నిదానం. ఆ నిదానం తవిటమ్మకు గిట్టేది కాదు.

ఒకరోజు నూకాలు ఇసుకలో కవ్వళ్ళ చేపలు ఎండబోసి మంచినీళ్ళకు వెళ్ళింది. ఆమె బిందె నింపుకునేలోగా వాన దంచికొట్టింది. చేపలన్నీ పాడైపోయాయి. అదే సమయానికి తెప్పలు ఒడ్డుకు వస్తున్నాయి, పల్లె అంతా అక్కడే ఉంది. తవిటమ్మ కోడలిని చూస్తూనే మొదలుపెట్టింది. అనాల్సినవి అంది, అనకూడనివీ అంది. చివరికి, "తల్లిని మింగి పుట్టావు, ఇప్పుడు నా కొంపని మింగడానికొచ్చావు" అంది.

నూకాలు ఏడవలేదు. నెత్తిమీది బిందె దించి, ఒలక్కుండా ఇసుకలో కుదురుగా పెట్టింది. తడి చీరతోనే ఒడ్డు వెంట ఉత్తరంగా నడిచి అన్నగారి పల్లెకు వెళ్ళిపోయింది.

మర్నాడు ఎల్లాజీ వెళ్ళి పిలిస్తే, మీ అమ్మ ఉన్న ఇంటికి రానని చెప్పి పంపేసింది. అతను తిరిగి వచ్చి, తల్లి వడ్డించిన కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండానే లేచాడు.

"నీ నోట్లో ఉన్నది నాలిక కాదమ్మా, గేలం. సేప నోట్లోదైతే లాగి తీసేస్తాం. మనిసికి తగిలింది ఎలా తీస్తాం?" అన్నాడు.

తవిటమ్మ ముట్టని కంచం తీసి పక్కన పెట్టింది.

ఆ పల్లెలో కొన్ని ఇళ్ళవాళ్ళు తవిటమ్మ అత్తగారి కాలంలోనే క్రైస్తవంలో కలిశారు. పల్లె చివర తాటాకుల ప్రార్థన పాక ఉంది. దాని పక్క గుడిసెలో దేముడమ్మ అనే ముసలావిడ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ మిషనువారి బైబిలు స్త్రీగా ఊరూరా కాలినడకన తిరిగి వాక్యం చెప్పేది. ఇప్పుడు కళ్ళకు పొరలు కమ్మాయి. పుస్తకం చదవలేదు గాని, అందులో పూర్వం ఒక రాజు చెప్పిన జ్ఞాన వాక్యాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. తవిటమ్మ ఆదివారం పాటలకు వెళ్ళడమే తప్ప ఆవిడతో తీరిగ్గా కూర్చున్నది లేదు. ఆ సాయంత్రం వెళ్ళి కూర్చుని, జరిగినదంతా దాచకుండా చెప్పింది. నాలిక్కి మందేమైనా ఆ పుస్తకంలో ఉందా అని అడిగింది.

మందు లేదు, విద్య ఉంది అంది దేముడమ్మ. వల అల్లడం ఎలా వేళ్ళకు నేర్పుతామో, బతకడం కూడా మనిషి అలాగే నేర్చుకోవాలంది. వెండికోసం తవ్వేవాడు తవ్వినట్టు తవ్వాలనీ, చచ్చేదాకా తవ్వుతూనే ఉండాలనీ చెప్పింది.

"ఒక్క మాట సెప్తాను. దాన్ని బతికి సూపించేదాకా ఇంకో మాటకి రాకు" అని షరతు పెట్టి మొదటి మాట చెప్పింది. మాటలు పెరిగిన చోట తప్పు దొర్లక మానదు, పెదవులు అదుపులో పెట్టుకున్నవాడే తెలివైనవాడు.

తవిటమ్మ ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. మర్నాటినుంచి ఒక చిన్న గవ్వను నాలిక కింద పెట్టుకుని సంతకు వెళ్ళసాగింది. కొనేవాళ్ళు ధర తగ్గించి అడిగితే తల అడ్డంగా ఊపేది. పక్కవాళ్ళు నవ్వారు, దెయ్యం పట్టిందన్నారు. కోపం గొంతుదాకా వచ్చినప్పుడల్లా గవ్వను పంటికింద నొక్కేది. ఎన్నోసార్లు పెదవి చిట్లింది. అయినా మాట జారలేదు. ఇంట్లోనూ అంతే. కంచం పెట్టేది, తీసేది, పక్క పరిచేది. ఎల్లాజీ ఇంట్లో తినడం తగ్గించేశాడు.

వానాకాలం సగానికి వచ్చేసరికి గంగరాజే నోరు విప్పాల్సి వచ్చింది. "తిట్టేదానివి, పడీవోళ్ళం. ఇదేటే, ఇలా సూసి ఊరుకుంటే ఒళ్ళంతా కొట్టినట్టుంటంది" అన్నాడు.

తవిటమ్మ గవ్వ ఉమ్మేసి సరాసరి దేముడమ్మ గుడిసెకు పోయింది. అన్నాళ్ళూ అణచుకున్నదంతా ఆవిడ మీద కుమ్మరించింది. తిట్టినా తప్పే, ఊరుకున్నా తప్పే అయితే ఇక మనిషి ఏం చెయ్యాలని నిలదీసింది. ముసలావిడ వింటూ కూర్చుంది. అంతా అయ్యాక మంచినీళ్ళు ఇచ్చింది.

"ఊరుకుంటే మూర్ఖుడు కూడా తెలివైనోడిలా కనపడతాడని ఆ రాజే సెప్పేడే. కనపడతాడు, అంతే. నువ్వు నోరు మూసేవు గాని కోపం మూయనేదు. అది కళ్ళల్లోంచి కారతంది" అంది.

ఆ మాట నిజమని తవిటమ్మకు తెలుసు. గవ్వ నోట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె లోపల కోడల్ని, కొనేవాళ్ళని, మొగుణ్ణి తిడుతూనే ఉంది. దేముడమ్మ అప్పుడు రెండో మాట చెప్పింది. మెత్తటి జవాబు కోపాన్ని మళ్ళిస్తుంది, పరుషమైన మాట దాన్ని రేపుతుంది.

ఆ మాట పట్టుకుని తవిటమ్మ కోడలి దగ్గరకు బయలుదేరింది. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. సింహాద్రి ఇంటి ముందు అతని భార్య, నూకాలుకు వదిన, ఎదురైంది. ఆమె తవిటమ్మను గుమ్మం ఎక్కనివ్వలేదు. పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి వీధి వీధంతా వినేలా తిట్టింది. ఆ తిట్లన్నీ తవిటమ్మకు బాగా తెలిసినవే, కొన్ని ఆమె సొంత తయారీ. అన్నిటికీ ఆమె, "అవునమ్మా, తప్పు నాదే" అంది. మెత్తగానే అంది. లోపల కూడా మెత్తగా ఉండటానికి ప్రయత్నించింది. తలుపు తెరుచుకోలేదు. నూకాలు బయటికి రాలేదు.

మండుటెండలో తిరిగి వచ్చి, నీ రాజు మాట పారలేదని దేముడమ్మకు చెప్పింది.

దేముడమ్మకు ఆ మాట బాధ కలిగించినట్టు లేదు. అవి మంత్రాలు కావంది. విత్తనం మంచిదైనా వాన రాని ఏడు ఉంటుందంది. ఆ పుస్తకంలోనే యోబు అనే ఆయన కథ చెప్పింది. ఏ తప్పూ చేయనివాడు. గొడ్డూ గోదా, బిడ్డలూ, ఒంట్లో ఆరోగ్యమూ అన్నీ పోయి బూడిదలో కూర్చున్నాడు. స్నేహితులు వచ్చి మొదట పక్కన మాట లేకుండా కూర్చున్నారు. అంతవరకే వాళ్ళు ఆయనకు పనికొచ్చారు. తరవాత నోరు తెరిచి, చక్కటి మాటలన్నీ తప్పు చోట చెప్పి ఆయన పుండు మీద కారం చల్లారు. ఆయనకు ఎందుకు కష్టం వచ్చిందో దేవుడు చివరిదాకా చెప్పలేదు. అయినా ఆయన పట్టు వదలలేదు.

"కోడలొస్తాదని నేర్సుకుంటన్నావా, నేర్సుకోవాలని నేర్సుకుంటన్నావా? అది తేల్సుకుని రా" అని పంపేసింది.

ఆ ప్రశ్న తేల్చుకోవడానికి తవిటమ్మకు చాలా రోజులు పట్టింది. సంతలో తట్ట ముందు కూర్చుని అదే ఆలోచించేది. నూకాలు ఇక రాదనుకుంటే మళ్ళీ పాత మనిషిని అయిపోవచ్చా? అయిపోతే హాయిగానే ఉంటుంది. కానీ తన నోట వచ్చే మాటకు ఇంట్లో వాళ్ళు ఒదిగిపోవడం ఇప్పుడు ఆమె కంటికి కనపడుతోంది. కనపడ్డాక కనపడనట్టు బతకడం చేతకాదు. ఆమె తిరిగి వెళ్ళి, "వచ్చినా రాకపోయినా నేర్సుకుంటాను, సెప్పు" అంది.

ఆ చలికాలమంతా నేర్చుకుంది. పూర్తిగా వినకుండా జవాబివ్వడం తెలివితక్కువ అన్నది కష్టమైన పాఠం. గంగరాజు ఒక వాక్యం పూర్తి చేయడానికి పట్టేంతసేపు ఆమె ఎన్నడూ ఓపిక పట్టలేదు. పట్టి చూస్తే ఆయనకు చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి. భుజం నొప్పి సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఎల్లాజీ మళ్ళీ ఇంట్లో తినడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఆమె తప్పింది కూడా. ఒకసారి సంతలో ఒకావిడ మీద పాత నోరు విరుచుకుపడింది. ఆ రోజు అన్నం తినకుండా పడుకుంది. దేముడమ్మ ఆ సంగతి విని, మంచివాడు ఎన్నిసార్లు పడ్డా లేస్తాడు, పడుకుని ఉండిపోడు, లేచి తిను అంది.

వీలైనప్పుడల్లా కోడలి పల్లెకు వెళ్ళేది. అరుగు చివర కాసేపు కూర్చుని వచ్చేది. వదిన తిట్టడం మానేసింది. నూకాలు ఒకరోజు తలుపు చాటు నుంచి చెంబుతో నీళ్ళు అందించింది. తవిటమ్మ తాగి చెంబు తిరిగి ఇచ్చింది. అక్కడ ఏం మాట్లాడినా తొందరే అవుతుందని తవిటమ్మకు అనిపించింది.

వేసవి మొదట్లో ఆమె మళ్ళీ వెళ్ళేసరికి ఆ పల్లెలో కులపెద్ద కూర్మయ్య ఇంటి ముందు జనం కూడి ఉన్నారు. ఎల్లాజీతో తెగతెంపులు చేయించి సింహాద్రి చెల్లెలికి మారుమనువు తలపెట్టాడు. వరుడు పెళ్ళాం చనిపోయిన పెద్ద వయసు మనిషి, సొంత నావ ఉన్నవాడు. ఎల్లాజీ వాళ్ళకు కబురు పంపామనీ, వాళ్ళు రాలేదనీ సింహాద్రి పెద్దలతో చెబుతున్నాడు. నిజానికి వాళ్ళకు కబురేదీ రాలేదు. నూకాలు ఆడవాళ్ళ వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె వైపు ఎవరూ చూడటం లేదు.

తవిటమ్మకు ఒళ్ళు మండింది. ఆ అబద్ధాన్ని పట్టుకుని సింహాద్రిని ఉతికి ఆరేయడానికి మాటలు వరసకట్టి నిలబడ్డాయి. ఊరుకుంటే పిల్ల గతి ఏమవుతుందో కూడా కనపడుతోంది. నోరు లేనివాళ్ళకోసం నోరు తెరవమని పుస్తకంలో ఒక తల్లి తన కొడుక్కి చెప్పిన మాట కిందటి నెలే దేముడమ్మ నేర్పింది. తెరవాలి. ఎలా తెరవాలన్నదే ప్రశ్న. ఆమె ఊపిరి పీల్చుకుని జనంలోంచి ముందుకు వచ్చింది.

"కూర్మయ్య మావా, నాను తవిటమ్మని, ఈ పిల్ల అత్తని. మా పల్లెలో తెప్పలొచ్చే ఏళ, అందరూ ఇంటుండగా, ఈ పిల్లని తల్లిని మింగి పుట్టావన్నాను. అది అబద్దం. తల్లి సచ్చిపోతే పసిగుడ్డు తప్పేటి? నలుగుర్లో అన్నాను కాబట్టి నలుగుర్లో సెప్తన్నాను. దీన్ని నాతో పంపమని అడగడానికి నాకు మొకం నేదు. ఒకటే అడుగుతన్నాను. ఇంతసేపూ మీరు దాని గురించి మాటాడేరు. దాన్నెవరూ అడగనేదు. అడగండి."

సింహాద్రి మండిపడ్డాడు. మనువు విషయంలో ఆడపిల్లను అడిగేదేమిటన్నాడు. ఇల్లు కూల్చినదానివి నీకు మాట్లాడే హక్కేదన్నాడు.

తవిటమ్మ అతని మాట పూర్తయ్యేదాకా ఆగింది. తరవాత అతని వైపు తిరిగి, "నిజమే నాయినా, నాకు నేదు. నీకున్నాది. తల్లి నేని పిల్లని ఎత్తుకుని పెంచేవు. ఆకలేస్తే అడిగుంటావు, జొరమొస్తే అడిగుంటావు. ఇది కూడా నువ్వే అడుగు" అంది.

సింహాద్రి చెల్లెలి వైపు చూశాడు గాని అడగలేదు. చివరికి కూర్మయ్యే నూకాలును ముందుకు రమ్మని, నీ మనసులో ఏముందో చెప్పమన్నాడు.

నూకాలు నిదానంగానే చెప్పింది. ఈ మనువు తనకు వద్దంది. తన మొగుడు తనకు ఉన్నాడంది. అత్త వైపు చూసి, "కానీ ఆ ఇంట్లో ఉండను. ఏరే పొయ్యి కావాలి" అంది.

జనం గుసగుసలాడారు. ఒక్క కొడుకు వేరు పోవడమంటే తల్లికి ఆ తీరంలో తలవంపు. తవిటమ్మకు ఆ మాట గట్టిగానే తగిలింది. ఇంత దూరం వచ్చి, ఇంత తగ్గి, చివరికి దక్కింది ఇదా అనిపించింది. విందులున్న ఇంట్లో పోట్లాటకంటే ప్రశాంతంగా తినే ఎండు రొట్టె ముక్క మేలన్న మాట ఆమెకు తెలుసు. నోటికి వచ్చినంత తేలిగ్గా మనసుకు రాలేదు.

"అలాగే. పాక నాను ఏయిస్తాను" అంది.

ఎల్లాజీ, గంగరాజు కలిసి పెద్ద ఇంటికి కాస్త ఎడంగా తాటాకుల పాక వేశారు. నూకాలు వచ్చింది. తన పొయ్యి మీద తను వండుకుంది. మొదట్లో అత్తా కోడళ్ళు అవసరానికి మాత్రమే మాట్లాడుకునేవారు. తరవాత ఒకరోజు నూకాలు తట్ట ఎత్తుకుని, నేనూ సంతకొస్తానంది. చిన్నప్పుడు నాలుగు అక్షరాలు నేర్చిన పిల్ల కాబట్టి సాయంత్రాలు దేముడమ్మ గుడిసెకు కూడా రాసాగింది. ముసలావిడ పుస్తకం ఆమె చేతిలో పెట్టి చదివించుకునేది. కూడబలుక్కుంటూ ఆమె చదివితే, తప్పు పోయినచోట ఆవిడ కంఠతా దిద్దేది. తవిటమ్మ పక్కన కూర్చుని వినేది.

మరుసటి ఏడు వానలకు ముందు ఒక సంతరోజు, ఎక్కడి నుంచో వచ్చిన ఒక ఆడమనిషి తవిటమ్మ చేపలు తిరగేసి, మరగేసి, కొనకుండా లేచింది. చేతులు ఊపుకుంటూ సంతకొచ్చే మొహమని తవిటమ్మ అనేసింది. ఆ ఆడమనిషి మొహం చిన్నబోయింది. జనంలో కలిసి వెళ్ళిపోయింది.

నూకాలు తన చేపల మీద ఈగలు తోలుతూ, "అత్తా, ఆ మాట బాగోనేదు" అంది.

అందరి ముందూ కోడలు తప్పు పట్టడం అదే మొదలు. తవిటమ్మ మొహం ఎర్రబడింది. పక్కవాళ్ళు అలవాటు ప్రకారం ఎడంగా జరిగారు. ఆమె కోడలి వైపు తిరిగింది. తన తట్ట కోడలి వైపు జరిపి, "సూస్తుండు" అని చెప్పి లేచింది. మోకాళ్ళు పట్టేసి లేవడం కొంచెం కష్టమైంది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, జనంలో ఆ ఆడమనిషి ఎటు వెళ్ళిందో వెతుక్కుంటూ గబగబా నడిచింది.