బాంబ్ షెల్టర్‌లో సివా ఒయాసిస్

మెసేజ్ వచ్చేసరికి నా రెండు చేతులకీ దోసెపిండి అంటుకుని ఉంది. మోచేత్తో ఫోన్ ఇటు తిప్పి చదివాను.

"ప్రణవీ, నీ గొంతు అందరికీ నచ్చింది. ఒయాసిస్ టూర్‌కి వ్యాఖ్యానం నువ్వే చెప్తున్నావు. కంగ్రాట్స్ అమ్మా. - వెంకటేశ్వర రావు అంకుల్."

వంటింట్లోనే గంతేశాను. పెనం మీద దోసె మాడింది. మాడితే మాడనీ అనుకుని శశికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఊరి నడిబొడ్డున రాఫెల్స్ ప్లేస్‌లో వాళ్ళ బ్యాంకు కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గర పడింది. మా పెళ్ళై పదకొండు వారాలైతే, అందులో తొమ్మిది వారాలుగా ఆ రిలీజే మా ఇంట్లో మూడో మనిషి. అమ్మకి చేద్దామంటే కాకినాడలో ఇంకా తెల్లారలేదు. చివరికి చేతులు కడుక్కుని, ఏ పనీ లేకుండా లిఫ్ట్ ఎక్కి, అద్దంలో నాకు నేనే "కంగ్రాట్స్ అమ్మా" అని చెప్పుకున్నాను. పదిహేను అంతస్తులు దిగేదాకా చాలా బాగుంది. తలుపులు తెరుచుకుంటే కింద ఎవరూ లేరు.

రావు అంకుల్ ఏడాదికోసారి ఈ దేశంలో ఉంటున్న తెలుగు పెద్దవాళ్ళని ఇరవై మందిని పోగేసి ఎక్కడికో తీసుకెళ్తారు. ఈసారి ఈజిప్టు పడమటి ఎడారి. సివా, బహరియా, ఫరాఫ్రా, దాఖ్లా, ఖర్గా: ఐదు ఒయాసిస్సులు, వాటి మధ్య పాత గుళ్ళు, సమాధులు, మట్టితో కట్టిన ఊళ్ళు. అక్కడి గైడు ఇంగ్లీషు రైలు పరిగెత్తినట్టు ఉంటుందట, పెద్దవాళ్ళకి అందదట. అందుకని తెలుగులో చెప్పి రికార్డు చేసిస్తే బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటారు. నేను చరిత్రలో ఎంఏ చేశాను. ఇది జీతం లేని పనే. కానీ బాగా కుదిరితే జనవరి ట్రిప్పులో మా ఇద్దరికీ రెండు సీట్లు ఇస్తానన్నారు. రిలీజ్ పుణ్యమా అని మేము హనీమూన్‌కి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ రెండు సీట్లూ నాకు కావాలి. మరీ కావాలి.

మా ఫ్లాట్ కిటికీ ఎదురుగానే పుంగ్గోల్ ఎల్ఆర్‌టీ రైలు వెళ్తుంది. నాలుగు నిమిషాలకో మోత. రికార్డింగ్‌కి పనికిరాదు. అందుకే బాంబ్ షెల్టర్‌లో దూరాను. ఇక్కడ మాలాంటి కొత్త ఫ్లాట్లన్నిట్లో ఒకటి ఉంటుంది: నాలుగు వైపులా మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు. యుద్ధమొస్తే దాక్కోవడానికట. మాకు మాత్రం అందులో బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, పెళ్ళి సూట్‌కేసులు ఉంటాయి. తలుపేస్తే బయట పిడుగు పడినా వినపడదు, ఫోన్ సిగ్నలూ ఉండదు. బియ్యం బస్తా మీద కూర్చుని, టార్చి వెలుగులో, ఖర్గాలోని హిబిస్ గుడి గురించి ఇరవై నిమిషాలు చెప్పి పంపాను. గర్వంగా.

గురువారం రావు అంకుల్ ఫోన్ చేశారు.

"సమాచారమంతా బ్రహ్మాండం. కానీ ఎవరితో చెప్తున్నావు తల్లీ? గోడకి చెప్తున్నట్టుంది."

"గోడకే చెప్పానంకుల్," అన్నాను.

"మరి మావాళ్ళు గోడలు కాదుగా! ఎవర్నైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పు. సోమవారానికి ఇవ్వలేకపోతే ఏమీ అనుకోకు, హైదరాబాద్‌లో భరద్వాజ్ అని ఇంకో అబ్బాయి రెడీగా ఉన్నాడు."

ఎదురుగా కూర్చునే మనిషి. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క మనిషి దొరకడా అనుకున్నాను.

శశిని అడిగాను. షూ లేసులు కట్టుకుంటూ, "రిలీజ్ అవ్వనీ, నువ్వేం చెప్పినా వింటా. ప్రామిస్," అని నా ముక్కు గిల్లి వెళ్ళిపోయాడు. ముక్కు గిల్లినందుకు మధ్యాహ్నం దాకా సంతోషంగా ఉన్నాను. ఆ తర్వాత ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది.

పక్క ఫ్లాట్ కుమారమ్మ ఆంటీని పిలిచాను. వాళ్ళ తాతగారు విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టింది, పెరిగింది ఇక్కడే; తెలుగులో మలయ్, తమిళం ముక్కలు దొర్లుతుంటాయి. వస్తూనే, "మకాన్ ఐందామ్మా?" అని అడిగి, నేను తినలేదంటే తిట్టి, సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. సివా అయ్యేదాకా తలూపింది. బహరియా రాగానే, "ఇంత ఇసకలో చూసేదానికి ఏముందిమా?" అంది. ఫరాఫ్రా చేరేలోపు గురక.

శుక్రవారం ఎల్ఆర్‌టీ ఈస్ట్ లూప్ ఎక్కాను. డ్రైవరు లేని చిన్న బండి, అన్ని స్టేషన్లూ చుట్టి మళ్ళీ మొదటికొస్తుంది. మా కడలూర్ తర్వాత స్టేషన్ పేరు ఒయాసిస్. అది వచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ముందు కిటికీ దగ్గర కూర్చుని, అపార్ట్‌మెంట్లన్నీ ఇసక దిబ్బలనుకుని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. పక్కనున్న చైనీస్ తాతగారు నన్నొకసారి చూసి, లేచి రెండు సీట్ల అవతల కూర్చున్నారు. మూడు చుట్లు తిరిగాను. ఎవరూ నా పక్కన కూర్చోలేదు.

శనివారం కూడా శశి ఆఫీసుకెళ్ళాడు. ఒక్కదానివే ఉన్నప్పుడు లోపల గడియ వేసుకోమని అమ్మ రోజూ చెప్తుంది కదా, తలుపు బయటి ఇనప గేటుకి గడియ వేసి మళ్ళీ షెల్టర్‌లోకి వెళ్ళాను. ఈసారి ఆవకాయ జాడీని సూట్‌కేసు మీద ఎదురుగా కూర్చోబెట్టాను.

"జాడీ గారూ, కొంచెం కుడివైపు చూడండి. ఆ గుట్ట మీద శిథిలాలే సివా గుడి. అలెగ్జాండర్ ఇక్కడ జోస్యం అడగడానికి బయల్దేరి ఎడారిలో దారి తప్పాడట. రెండు కాకులు ముందు ఎగురుతూ దారి చూపించాయని అప్పటివాళ్ళు రాసుకున్నారు. మన ఇంటి ముందు కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం కదండీ. ఇక్కడ కాకులే వెళ్ళి చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చాయి."

ఆ మాట నాకే ఎంత నచ్చిందంటే, జాడీ నవ్వుతుందేమోనని ఒక్క క్షణం ఆగాను. నవ్వలేదు. మిగతాది చెప్పలేక టార్చి ఆర్పేసి ఆ చీకట్లోనే కాసేపు కూర్చున్నాను.

తలుపు తెరవగానే గేటు దడదడలాడుతున్న చప్పుడు. బయట కుమారమ్మ ఆంటీ గొంతు: "ప్రణవీ! పడిపోయావామ్మా? ఫైర్ వాళ్ళకి ఫోన్ కొట్టనా?"

పరిగెత్తాను. గేటు అవతల శశి. చొక్కా చెమటకి తడిసిపోయింది. చేతిలో ఆంటీ ఇచ్చిన కాఫీ గ్లాసు, తాగకుండానే చల్లారిపోయింది.

"లోపలే ఉన్నావా?" అన్నాడు.

"షెల్టర్‌లో ఉన్నా. నువ్వేంటి, ఇప్పుడు?"

"పన్నెండింటికే వచ్చేశా. రిలీజ్ పది రోజులు వాయిదా పడింది. సర్‌ప్రైజ్ చేద్దామని చెప్పలేదు. బెల్ కొట్టా, ఫోన్ చేశా, తలుపు కొట్టా. లోపల గడియ. నలభై నిమిషాలు!"

"షూ ర్యాక్ పక్కన కూర్చున్నాడు పాపం, పిల్లోడు బడి బయట కూర్చున్నట్టు," అంది ఆంటీ. "ఇద్దరూ ఇప్పుడు సాప్పాడు చేయండి. నేను పోతా లా." గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

లోపలికొచ్చాక శశి ప్లాస్టిక్ సంచి ఒకటి బల్ల మీద పెట్టాడు. ఖర్జూరాలు. "నీ ఎడారికి," అన్నాడు. అంటే నేను చెప్పేవి ఒకటో రెండో వింటూనే ఉన్నాడన్నమాట! నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ అతను కుర్చీలో కూలబడి నేలకేసి చూస్తున్నాడు.

"నలభై నిమిషాలకే నాకు పిచ్చెక్కింది ప్రణవీ. నువ్వు రోజంతా ఎలా ఉంటున్నావే?"

ఖర్జూరం ఒకటి గింజ తీసి అతని నోట్లో పెట్టాను, ఇంకొకటి నా నోట్లో. చాలా తియ్యగా ఉంది. అంత తియ్యటిది తింటూ ఏడవొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

కాసేపటికి రావు అంకుల్ మాట చెప్పాను. సోమవారం గడువు, గోడ, భరద్వాజ్, ఆవకాయ జాడీ. జాడీ దగ్గర శశి పడీపడీ నవ్వాడు.

"మరి రేపు ఆదివారమేగా. నాకు చెప్పు, నేను వింటా."

"షెల్టర్‌లో ఇద్దరం పట్టం."

"షెల్టర్ ఎందుకు? ఈస్ట్ లూప్ ఎక్కుదాం. వాళ్ళు వినేదీ బస్సులోనేగా, మోత ఉంటే ఉండనీ. ముందు కిటికీ సీట్లు రెండూ టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తా, ఇక్కడివాళ్ళు సీటు పట్టుకున్నట్టు."

"ఆఫీసు నుంచి ఫోనొస్తే?"

శశి లేచాడు. ఫోన్ తీసి, షెల్టర్‌లోకి వెళ్ళి, ఆవకాయ జాడీ మూత మీద పెట్టి వచ్చాడు. "రేపు సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. సిగ్నల్ రాదుగా."

నేను నిలబడి, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకున్నాను.

"ప్రయాణికులకు మనవి. రేపు పొద్దున్న ఏడింటికి సివా బస్సు కడలూర్ స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. నీళ్ళ సీసా, టోపీ, ఖర్జూరాలు మర్చిపోకండి. మధ్యలో నిద్రపోయినవాళ్ళని ఫరాఫ్రాలో దించేస్తాం."