అల్లుడి సీటు

మా ఆయన మోహన్‌కు లోకంలో ఉన్న ప్రతిదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడటం అలవాటు. హిందూపురంలో మాది పట్టుచీరల అంగడి. అంచు ఒకసారి అలా నలిపితే చాలు, పట్టు ఎంతటిదో జరీ ఎంతటిదో చెప్పేస్తాడు. ఆ మాత్రం విద్య ఉంది, కాదనను. కానీ సంతలో వంకాయనూ నలుపుతాడు, మా పాపకు కొనే స్కూలు బ్యాగునూ నలుపుతాడు. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు నన్ను చూడటానికి ముందు మా ఇంటి కర్టెను నలిపి చూశాడు. చివరికి బండి సీటు కూడా అలాగే ఎంచాడు. కూర్చోవలసిన వస్తువును వేళ్ళతో ఎంచిన మగమనిషిని నేను ఈయన్నే చూశాను.

ప్రతి సోమవారం మేమిద్దరం బండి మీద ధర్మవరం వెళ్తాం. అక్కడి మగ్గాల వీధిలోనే నేను పుట్టి పెరిగాను. మా చిన్నాయన చెన్నప్ప, చిన్నమ్మ వెంకటక్క ఇంకా అక్కడే నేస్తున్నారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా తమ చీరలు తెచ్చి వాళ్ళింట్లో పెడతారు. రెండు గుంట మగ్గాల మధ్య ఉన్న కాస్త జాగాలో చాప వేస్తారు. నేను దాని మీద కూర్చుని ఒక్కో చీరా విప్పించి, పరిపించి, భుజం మీద వేసుకుని చూసి ఎంచుతాను. చీర పరిచిన చోట ఎవరూ కుర్చీ వేసుకోరు. పట్టు నేల మీద ఉంటే మనిషి పైన కూర్చుని దాని వైపు కాళ్ళు వేలాడేయడం తప్పని మా అవ్వ కాలం నుంచీ పట్టింపు. ఎంత పెద్ద షావుకారు వచ్చినా చాప మీదే.

ధర్మవరం చీరను మడతలో చూసి కొన్నవాడు మునిగినట్టే. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. మడతలో చిలకపచ్చగా మెరిసింది పరిచి చూస్తే బూడిద కొట్టొచ్చు. మడతలో బూడిదలా ఉన్నది భుజం మీదికి వచ్చేసరికి వెలిగిపోవచ్చు. ఆ తేడా పసిగట్టడమే నా పని. "నాగలక్ష్మి ఎంచిన చీర" అని అడిగి కొనేవాళ్ళు పరిగి నుంచీ అగళి నుంచీ కూడా మా అంగడికి వస్తారు. నాకు నగలు పెద్దగా లేవు. ఉన్నదల్లా ఆ పేరే.

మోహన్ పని బండి నడపడం, మూట కట్టడం. నేను లోపల ఉన్నంతసేపూ ఆయన సందులో బండి పక్కన నిలబడి ఫోను చూసుకుంటూ ఉంటాడు. చిన్నమ్మ కాఫీ కూడా అక్కడికే పంపిస్తుంది, అల్లుడు కాబట్టి అందరికంటే పెద్ద గ్లాసులో. మగవాడికి ఫోను, కాఫీ ఉంటే ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

అలాంటివాడికి ఉన్నట్టుండి నడుం నొప్పి వచ్చింది.

"పెనుకొండ దాటేతలికి నడుం పట్టేస్తాండాదే. కంపెనీ సీటు లాంగ్ రైడుకు పనికిరాదు" అన్నాడు ఒక రోజు.

హిందూపురం నుంచి ధర్మవరం పోవడాన్ని ఆయన లాంగ్ రైడు అంటాడు. కాశ్మీరు పోయే కుర్రాళ్ళ వీడియోలు చూసి నేర్చుకున్న మాట అది. ఆ సీటు మీదే ఆయన వెనకాల నేనూ కూర్చుంటాను, ఒక పక్కకు తిరిగి, ఒడిలో మూట పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా ఒక చేత్తో మూటనూ ఇంకో చేత్తో ఆయన భుజాన్నీ పట్టుకుని. నడుం అనేది నాకూ ఒకటి ఉంటుందని ఆ వీడియోల్లో ఎవరూ చెప్పినట్టు లేదు.

మొదట ఆన్‌లైన్లో జెల్ సీటు కవరు తెప్పించాడు. డబ్బా విప్పగానే వేళ్ళతో నలిపి, "వెన్న మాదిరి ఉండాది చూడు" అని మురిసిపోయాడు. పెనుకొండలో టీ తాగుదామని బండి ఎండలో పెట్టాం. తిరిగొచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పైకి లేచాడు. మా ఎండకు ఆ వెన్న కాగి నెయ్యి అయింది. ధర్మవరం దాకా సగం దూరం ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపాడు. దారిలో పోయే లారీవాళ్ళు చేతులూపారు, ఏదో సాహసం చేస్తున్నాడనుకుని.

తరువాత గాలి దిండు. నోటితో ఊది నింపుకోవాలి. అది మెత్తన కాదు, తిక్క. బండి ఒక వైపు తిరిగితే మనిషి ఇంకో వైపు జారతాడు. మూడో వారానికి పెనుకొండ కొండ కిందే దాని గాలి పోయింది. ఈయన రోడ్డు పక్కన కూర్చుని మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు, చిల్లు పడిందన్న సంగతి చూసుకోకుండా. నేను చెట్టు నీడలో నిలబడి చాలాసేపు చూశాను. చెబుదామనిపించలేదు.

అప్పుడు మా ఊళ్ళోనే సీట్లు కుట్టే ఎర్రప్ప దగ్గరికి పోయాడు. ఎర్రప్ప రకరకాల స్పాంజి ముక్కలు ముందు పరిచాడు. మోహన్ కళ్ళు మూసుకుని మరీ నలిపాడు, మెత్తనిది, ఇంకా మెత్తనిది అని. ఎర్రప్పకేం, అడిగింది కుట్టి ఇచ్చాడు. కొత్త సీటు మీద అంగడి ముందు కూర్చుని, "ఇప్పుడు చూడు, సోఫా" అన్నాడు. పరిగి దారి దాటకముందే ఆ సోఫా అణిగిపోయి, లోపలి రేకు మా ఇద్దరికీ తగిలింది.

ఇక నాలుగోది. బెంగళూరు నుంచి వచ్చింది. దాని పేరే లాంగ్ రైడ్ సీటు. రెండు ముక్కలు. ముందుది వెడల్పుగా, నడుముకు ఆనుకునే మెట్టుతో, సింహాసనంలా ఉంది. వెనకది చపాతీ పెనమంత. ఎక్కి కూర్చుంటే మూట పెట్టుకోవడానికి జాగా లేదు, ఒక పక్కకు తిరగడానికీ లేదు. బ్రేకు వేస్తే ఆయన వీపు మీద పడతాను, గేరు మారిస్తే వెనక్కి పోతాను.

"నేను యాడ కూచోవాల?" అన్నాను.

"నువ్వు ఇంట్లోనే ఉండు. నేనొక్కడే పోయి తెస్తా. ఫోటోలు పంపిస్తా, నువ్వు చూసి చెప్పు."

ఎంత సులువుగా అన్నాడో. ఇన్నేళ్ళ నా సోమవారాలను ఒక స్పానరుతో ఊడదీసి పక్కన పెట్టాడు. పైగా అది తన నడుం కోసం చేసిన త్యాగమన్నట్టు ముఖం.

ఫోటోలు వచ్చాయి. అన్నీ మడత చీరలే. "పరిచి తియ్యి" అని మెసేజీ పెడితే, "నెట్ లేదు" అని మెసేజీ పెట్టాడు. తెచ్చినవి చూస్తే పట్టు మంచిదే, జరీ మంచిదే, రంగులు మాత్రం ఒక్కటీ మనిషి కట్టేవి కావు. వాటిని నేను అటక మీద పెట్టాను. ఆయన దించాడు. నేను మళ్ళీ పెట్టాను.

ఆ మధ్యలో పరిగి నుంచి కమలాక్షమ్మ వచ్చింది. వాళ్ళ ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళికీ ముహూర్తం చీర నేనే ఎంచాను. ఇప్పుడు కూతురు భవ్య పెళ్ళి. మోహన్ ఉత్సాహంగా కొత్త సరుకు పరిచాడు. ఆమె ఒక చీర భుజం మీద వేసుకుంది, తీసేసింది. ఇంకోటి వేసుకుంది, తీసేసింది.

"ఇవి నువ్వు ఎంచినవి కావు గదా నాగలక్ష్మీ" అంది నా వైపు తిరిగి. "వచ్చే సోమవారం నువ్వే పోయి చూసి తెస్తే సరే. లేదంటే మేము కంచికి పోతాము. ఏమనుకోవద్దు తల్లీ, ఒక్కతే కూతురు."

ఏమనుకోవద్దంటే ఎలా? ఆమె మెట్లు దిగుతుంటే నా పేరు కూడా ఆమె వెంట దిగిపోతున్నట్టే అనిపించింది. మోహన్ మాత్రం ఆమె వదిలిపోయిన చీర అంచు నలుపుతూ, "పట్టు ఎంత బాగుండాది, ఆయమ్మకు తెలీదు" అన్నాడు.

సోమవారం ఆయన సింహాసనం ఎక్కి వెళ్ళిపోయాక నేను బస్సెక్కాను. దారి పొడుగునా ఆయనను ఏమేమి అనాలో వరసగా పేర్చుకున్నాను. పెనుకొండలో బస్సు ఆగినప్పుడు ఇంకో రెండు చేర్చుకున్నాను.

మగ్గాల వీధి మలుపు తిరిగేసరికి కనిపించింది. బండి గోడ పక్కన ఉంది. మోహన్ గడప బయట నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి నడుం మీద. చిన్నమ్మ లోపల నిలబడి ఒక్కో చీరా మడత మడతగా గడప ఇవతలికి అందిస్తోంది. ఈయన రెండు వేళ్ళతో అంచు నలిపి, ఇది సరే, ఇది వద్దు అని తల ఊపుతున్నాడు. ఆమె వెనక చాప ఖాళీగా ఉంది. ఒక్క చీర పరచలేదు. పేర్చుకున్న మాటలు పక్కన పెట్టి గడప దగ్గరికి నడిచాను.

చిన్నమ్మే ముందు చూసింది. "వచ్చినావా తల్లీ? నడుం నొప్పి తగ్గిందా? లేవలేకుండా ఉండావంట గదా."

నేను మోహన్ వైపు చూశాను. ఆయన బండి హ్యాండిలు వైపు చూశాడు.

"నా నడుం బాగానే ఉండాది చిన్నమ్మా. ఎవురు చెప్పినారు?"

చిన్నమ్మ కూడా మోహన్ వైపే చూసింది. ఇంక చెప్పవలసిన పని లేదు.

"సరే, అది అట్ల పక్కన పెట్టు" అన్నాను మోహన్‌తో. "ఇంటి దాకా వచ్చినోడివి లోపలికి పోయి చీర పరిపించి చూడొచ్చు గదా. గడప కాడ నిలబడి వంకాయలు బేరం చేసినట్ల ఏంది ఇది?"

"వాళ్ళు లోపలికి రమ్మంటే గదా పోయేది" అన్నాడు మెల్లగా.

"అయ్యో, ఎట్ల రమ్మంటానబ్బా?" అంది చిన్నమ్మ. "అల్లుడిని పట్టుకోని నేల మీద కూచోమని చెప్పేదా? చీర పరిచిన కాడ కుర్చీ ఎయ్యకూడదు. ఒకసారి సందులో కుర్చీ ఏస్తే వద్దన్నాడు."

"సందులో కుర్చీ ఏసుకోని కూచుంటే వాచ్‌మన్ మాదిరి ఉంటాది. వీధంతా చూస్తాంటారు" అన్నాడు మోహన్. ఆగి, "అసలుకే అందరూ నాగలక్ష్మి డ్రైవరు అంటాండారు" అన్నాడు.

లోపల మగ్గం ఆగిపోయింది. చెన్నప్ప చిన్నాయన గుంటలోంచి తల పైకెత్తాడు.

"అంటే పెళ్ళైన కాడి నుంచి ప్రతి సోమవారం నువ్వు ఈడనే నిలబడుకోని ఉండావా?" అన్నాడు.

మోహన్ తల దించుకున్నాడు. చెయ్యి మాత్రం ఇంకా నడుం మీదే ఉంది. అప్పుడు తెలిసింది నాకు ఆ నొప్పి ఎక్కడిదో. నేను చాప మీద హాయిగా కూర్చుని చీరలు పరిపించినంతసేపూ ఈయన ఎండకు కాలిన బండి సీటు మీద కూడా కూర్చోలేక, కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. ఆ నిలబడ్డంతసేపూ ఫోనులో సీట్ల వీడియోలు చూశాడు. నిలబడితే వచ్చిన నొప్పికి బండి సీట్లు కొన్నాడు, ఒకటి కాదు, నాలుగు.

జాలి వేసింది. దాని వెంటే ఒళ్ళు మండింది. ఒక్క మాట నాతో అని ఉంటే సరిపోయేది.

"నాకు చెప్పడానికి ఏమైంది?" అన్నాను.

"నువ్వు అడగలేదు. వాళ్ళు పిలవలేదు. పిలవనిదే నేను ఎట్ల పోయేది?"

ఇలాంటి మర్యాదస్థుడితో ఏం మాట్లాడతాం? "స్పానరు తియ్యి" అన్నాను. "ముందర సీటు ఊడదియ్యి."

"ఏమిటికి?"

"తియ్యి."

తీశాడు. నేను ఆ సింహాసనాన్ని రెండు చేతులా ఎత్తుకుని లోపలికి పోయి, చాప పక్కన నేల మీద పెట్టాను. ఎత్తు జానెడు కూడా లేదు. కూర్చుంటే కాళ్ళు వేలాడవు, మడుచుకోవలసిందే. కుర్చీ కాదు కాబట్టి పట్టుకు తప్పు లేదు. నేల కాదు కాబట్టి అల్లుడికి తక్కువ లేదు.

చిన్నమ్మ దాన్ని అటూ ఇటూ చూసి, "కూచోప్పా" అంది. చిన్నాయన కూడా, "కూచో అల్లుడా" అన్నాడు. రెండోసారి చెప్పించుకుని మరీ కూర్చున్నాడు. నడుం వెనక మెట్టుకు ఆనగానే ఆయన ముఖం చూడాలి. బెంగళూరు వాళ్ళు అన్నది నిజమే, ఆ సీటు చాలా సుఖంగా ఉంటుంది.

చీరలు పరిచారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ధర్మవరం చీర మగ్గం పక్కన పూర్తిగా పరుచుకోవడం ఆయన అప్పుడే చూశాడు. అలవాటుగా వేళ్ళు ముందుకు పోయాయి. చెయ్యి మీద ఒక్కటి వేశాను. మడతలో ఎండుటాకులా కనిపించిన చీర ఒకటి తీసి భుజం మీద వేసుకుని లేచి నిలబడ్డాను. లోపల నుంచి ఎరుపు వెలిగింది.

"బాగుండావు" అన్నాడు.

"చీర భవ్యకు" అన్నాను.

భవ్య ఆ చీరలోనే పీటల మీద కూర్చుంది. కమలాక్షమ్మ కంచికి పోలేదు. బండికి మళ్ళీ పాత పొడుగు సీటు వేయించాం. బెంగళూరు సీటు చిన్నాయన ఇంట్లో మగ్గం పక్కన గోడకు ఆనించి ఉంటుంది, వీధిలో అందరూ దాన్ని అల్లుడి సీటు అంటారు. సోమవారం నాడు దాని మీద కూర్చుని ఆయన కూడా రంగుల గురించి మాట్లాడుతున్నాడు. ఎక్కువగా తప్పులే.

నడుం నొప్పి పూర్తిగా పోయింది. అంగడికి వచ్చిన ప్రతివాడికీ, "సీటు ఎంచుకోవడంలోనే ఉండాదప్పా అంతా" అని పాఠం చెబుతున్నాడు. వాళ్ళు శ్రద్ధగా వింటారు.

నాకు మాత్రం పెనుకొండ దాటేసరికి నడుం పట్టేస్తోంది. ఇది ఇవాళ్టిది కాదు, పెళ్ళైన నాటి నుంచీ అంతే. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడగనిదే నేను చెప్పను.