పదిహేడో నంబరు దుంగ

భద్రం అబద్ధమాడినప్పుడల్లా గొడ్డలి విసరాల్సిన దూరం ఒక గజం పెరుగుతుంది. హాలువాళ్లు ఈ సంగతి దాచిందేమీ లేదు. గోడ మీద రాసిపెట్టిన నిబంధనల్లో అది నాలుగోది. భద్రం కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు కాబట్టి చదవలేదు, అంతే.

శనివారం మధ్యాహ్నం. కాకినాడలో ఒక బట్టల దుకాణం పైన మూడో అంతస్తు, డబ్బిచ్చి గురికి గొడ్డళ్లు విసిరే హాలు. వచ్చింది నలుగురు. నలుగురూ ఒకప్పుడు రాజమండ్రిలో ఒకే కోత మిల్లులో పనిచేసినవాళ్లు. జోగారావు దుంగలు మోసేవాడు, మోస్తూ జోకులు వేసేవాడు. నూకరత్నం దుంగలకు సుద్దముక్కతో నంబర్లు వేసేది. మంగపతి రంపం దగ్గర నిలబడేవాడు, భద్రం స్విచ్చి దగ్గర. మిల్లు మూతపడి ఆరేళ్లయింది. ఏడాదికొకసారైనా అందరూ కలవాలని జోగారావు పట్టుదల. పోయినేడు గోదావరిలో పడవెక్కించాడు. ఈ ఏడు గొడ్డళ్లు విసిరిద్దామని తీసుకొచ్చాడు.

"ఇప్పుడిది ఆటంటర్రా! మనం చేసినన్నాళ్లూ పనన్నారు," అంటాడు జోగారావు.

నీలం కోటు వేసుకున్న ఒక నడివయసావిడ నలుగురికీ తలా ఒక చేతిగొడ్డలి ఇస్తుంది. నలుగురూ వాటిని కళ్లకద్దుకుంటారు. ఆవిడ వద్దనదు.

"మోకాలెలా ఉందిరా?" మంగపతి భద్రాన్ని అడుగుతాడు.

"తగ్గిపోయింది."

హాలు ఒక గజం సాగుతుంది. పైన దీపాలు సర్దుకుని చోటిస్తాయి. నూకరత్నం బొడ్లోంచి సుద్దముక్క తీసి, నేల మీద, నిలబడే గీత పక్కన రాసి ఉన్న నాలుగు చెరిపి ఐదు వేస్తుంది. ఆమె దగ్గర సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. అలవాటు.

హాలు చివర గోడకు ఒక వెడల్పాటి పలక నిలబెట్టి, దాని మీద ఎర్రరంగుతో గుండ్రాలు గీశారు. మామూలు మనుషులు గుండ్రం చూస్తారు. ఈ నలుగురూ చెక్క చూస్తారు.

"మామిడి," అంటాడు జోగారావు.

"మామిడే. బాగా ముదిరింది," అంటాడు మంగపతి.

నూకరత్నం దగ్గరికి వెళ్లి పలక మూలన దుమ్ము తుడుస్తుంది. కింద సుద్దతో వేసిన పదిహేడు. ఏడు అంకె తోకకు చిన్న కొక్కెం. అలా వేసేది లోకంలో ఆమె ఒక్కతే.

"ఇది నా చెయ్యే," అంటుంది.

పదిహేడో నంబరు దుంగంటే ఏమిటో నలుగురికీ తెలుసు. పదకొండేళ్ల కిందట, అది సగం కోతలో ఉండగా కరెంటు పోయింది. కరెంటు పోతే మిల్లులో ఒక పద్ధతి ఉండేది. స్విచ్చి దగ్గర మనిషి స్విచ్చి కట్టి, అంటే ఆపేసి, అందరికీ వినపడేలా "కట్టేశాను" అనాలి. ఆ మాట వినేదాకా రంపం దగ్గర ఎవరూ చెయ్యి పెట్టరు. విన్నాక ఎవరూ అనుమానపడరు. ఆ రోజు భద్రం "కట్టేశాను" అన్నాడు. రంపం పళ్లలో ఇరుక్కున్న పొట్టు తియ్యడానికి మంగపతి చెయ్యి పెట్టాడు. కరెంటు వచ్చింది. కుడిచేతి ఉంగరపు వేలూ, చిటికెన వేలూ పోయాయి. స్విచ్చి పాడైందని అందరూ అనుకున్నారు. కొత్తది బిగించారు.

స్విచ్చి పాడవలేదు. జోగారావు వేసిన జోకుకు నవ్వుతూ, భద్రం చెయ్యి ఎత్తకుండానే మాట అనేశాడు. ఆ సంగతి పదకొండేళ్లుగా అతని గుండెలో అలాగే పడి ఉంది. ఇవాళైనా మంగపతికి చెప్పెయ్యాలని కాకినాడ బస్సెక్కాడు. పోయినేడు పడవెక్కింది కూడా అందుకే.

ముందు మంగపతి వంతు. అతను తిన్నగా పలక దగ్గరికి వెళ్లి మూడు వేళ్ల అరచెయ్యి దానికి ఆనిస్తాడు.

"ఇందులో ఉన్నవాళ్లు ఏమీ అనుకోకుండా వేరే చోటు చూసుకోండి," అని చెప్పి, మూడడుగులు వెనక్కి వేసి ఆగుతాడు.

ఇది వాళ్ల మేస్త్రి నేర్పిన మాట. చెట్టు మీద మొదటి దెబ్బ పడేముందు చెప్పాలి. చెప్పాక ఒక తమలపాకు నమిలేంతసేపు ఆగాలి, లోపలివాళ్లకు సామాన్లు సర్దుకునే వ్యవధి కావాలి గనుక. నిలబడి ఉన్న చెట్టుకే ఈ మర్యాద. కోసిన చెక్కలో ఎవరూ ఉండరు కాబట్టి దానికెవరూ ఈ మాట చెప్పరు. మంగపతి చేతికి గొడ్డలి తగిలేసరికి నోటికి పాత మాట వచ్చేసింది.

పలకలోనివాళ్లు ఖాళీ చెయ్యడం మొదలుపెడతారు. ముందు రెండు ఉడతలు మూటతో దిగుతాయి. తర్వాత ఒక ముసలావిడ చంకలో చాప పెట్టుకుని వస్తుంది. ఆమె వెనకే ఒక వాన, చాలా సన్నది, ఎవరినీ తడపకుండా పక్కగా వెళ్లిపోతుంది.

"ఇక్కడ ఎవరూ ఇలా అడగరండీ. ఊరికే కొట్టేస్తారు. అందుకే ఇన్నాళ్లూ ఉండిపోయారు పాపం," అంటుంది నీలం కోటావిడ.

అందరికంటే చివర రెండు వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని దిగుతాయి. ఉంగరపు వేలికి రాగి ఉంగరం ఇంకా ఉంది.

"బాగున్నారా?" అంటాడు మంగపతి.

వేళ్లు వంగి లేస్తాయి.

"నాతో వస్తారా?"

వేళ్లు కాసేపు ఆలోచిస్తాయి. మంగపతి దగ్గరికి పోకుండా హాలు దాటి వచ్చి భద్రం ముందు నిలబడతాయి. నేరం చూపించడానికి కాదు. చూపించే పని చూపుడు వేలిది, వీటికి ఆ అలవాటు లేదు. ఊరికే నిలబడతాయి. భద్రానికి కళ్లనీళ్లు తిరుగుతాయి.

"ఏరా, నీ కళ్లకేమైంది?" అంటాడు జోగారావు.

"పొట్టు పడింది."

హాలు ఇంకో గజం సాగుతుంది. నూకరత్నం ఆరు వేస్తుంది.

మంగపతి రెండు చేతులతో గొడ్డలి విసురుతాడు. అది గుండ్రాన్ని వదిలేసి, చెక్క ఎక్కడ చీలడానికి ఇష్టపడుతుందో సరిగ్గా అక్కడ దిగుతుంది. నీలం కోటావిడ సున్నా మార్కులంటుంది. మంగపతి గొడ్డలి ఊడదీసుకోవడానికి పలక దగ్గరికి వెళ్తాడు.

"వేళ్లు ఉన్న రోజుల్లో వీడి చెయ్యి చూడాలండీ," అంటాడు జోగారావు ఆవిడతో. "ఆ దిక్కుమాలిన స్విచ్చి ఉంది చూశారూ..."

"పోనీలేరా," మంగపతి అక్కణ్ణుంచే అంటాడు. "స్విచ్చి పాడైపోతే భద్రం మాత్రం ఏం చేస్తాడు? అంతేగా భద్రం?"

ఇదే సమయం. భద్రానికీ తెలుసు ఇదే సమయమని. నోరు తెరుస్తాడు.

"అంతే," అంటాడు.

హాలు సాగుతుంది. ఈసారి ఒక గజంతో ఆగదు. పలక వెనక్కి పోతుంది, పలక పక్కన మంగపతి వెనక్కి పోతాడు. చెయ్యి గొడ్డలి మీదే ఉంది, మొహంలో తేడా ఏమీ లేదు. నూకరత్నం వేస్తూ చెరుపుతూ, వేస్తూ చెరుపుతూ, చివరకు నాలుగు వందల ముప్పై దగ్గర సుద్ద ఎత్తుతుంది. మంగపతి ఇప్పుడు గోరంత కనిపిస్తున్నాడు.

"ఒక్క మాటకు ఇంత దూరమేంటండీ?" జోగారావు అడుగుతాడు.

"కొత్త అబద్ధానికి గజమేనండి. పాతదైతే అంతకుముందు చెప్పినవన్నీ కలుస్తాయి," అంటుంది నీలం కోటావిడ.

భద్రం తల వంచుకుంటాడు. వేళ్లు ఇంకా అతని కాళ్ల దగ్గరే ఉన్నాయి.

"దూరం తగ్గడానికి నిబంధనేమైనా ఉందా, రత్నం?" అంటాడు.

నూకరత్నం గోడ దగ్గరికి వెళ్లి ఐదోది పైకి చదువుతుంది. "నిజం చెప్పినవారు గొడ్డలికి బదులు తామే వెళ్లవలెను. దూరము తగ్గింపబడదు."

భద్రం గొడ్డలి కింద పెడతాడు. దాని పిడిని గీతకు సమంగా సర్దుతాడు, మళ్లీ సర్దుతాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఒక చిన్న మాట అనడం ఇంత కష్టమా అని మనకనిపించవచ్చు. అనడం ఎప్పుడూ తేలికే అతనికి. అందుకే గదా వేళ్లు పోయాయి.

"నేను కట్టలేదు," అంటాడు.

జోగారావు నోట్లో సగం తయారైన జోకు అక్కడే ఆగిపోతుంది.

"తెలుసు," అంటుంది నూకరత్నం. "మంగపతిని రిక్షాలో ఎక్కిస్తుంటే, నువ్వు వెనక్కొచ్చి కట్టావు. దుంగల చాటునుంచి చూశాను. నువ్వే చెప్తావులే అని పదకొండేళ్లు చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే అది నా మాటవుద్ది భద్రం. నీది కాదు."

భద్రం గీత దాటి నడవడం మొదలుపెడతాడు. చిటికెన వేలు ఎగిరి అతని చిటికెన వేలు పట్టుకుంటుంది. ఉంగరపు వేలు ముందు నడుస్తుంది. మోకాలు నొప్పిగా ఉంది. నూరు గజాల దగ్గర ఆసుపత్రి వరండా వస్తుంది. అక్కడ అతను బత్తాయిల సంచితో నిలబడి, మంగపతి భార్య కంటే ఎక్కువగా ఏడ్చాడు. రెండొందల గజాల దగ్గర మంగపతి ఇంటి అరుగు వస్తుంది. దాని మీద ఆకు వేసి ఉంది, ఉలవచారు వడ్డించి ఉంది. ఎన్ని ఆదివారాలు తిన్నాడో అక్కడ! ఆకు వంక చూడలేక మొహం తిప్పుకుని నడుస్తాడు. మూడొందల దగ్గర ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే అన్నిటికంటే పొడుగ్గా ఉంది.

పలక దగ్గర మంగపతి గొడ్డలి పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"చాలాసేపైంది," అంటాడు.

"మంగపతీ, స్విచ్చి పాడవలేదురా. నేను కట్టలేదు. కట్టకుండానే కట్టేశానన్నాను. తర్వాత వెళ్లి కట్టాను. అందరి ముందూ స్విచ్చి మీదకు నెట్టాను."

మంగపతి చేతిలో గొడ్డలి పదును బొటనవేలితో చూస్తాడు. తన కుడిచెయ్యి చూసుకుంటాడు, మొదటిసారి చూస్తున్న మనిషిలాగా. తర్వాత భద్రాన్ని భుజం పట్టుకుని పలకకు ఆనించి నిలబెడతాడు.

"తిట్టవేంట్రా?" అంటాడు భద్రం.

"ముందు ఖాళీ కానీ."

మంగపతి మూడు వేళ్ల అరచెయ్యి భద్రం గుండె మీద పెడతాడు. చెయ్యి వెచ్చగా ఉంది. వేళ్లు లేని చోట మాత్రం చల్లగా తగులుతోంది.

"ఇందులో ఉన్నవాళ్లు ఏమీ అనుకోకుండా వేరే చోటు చూసుకోండి," అంటాడు. మూడడుగులు వెనక్కి వేసి ఆగుతాడు.

భద్రం గుండెలోంచి ఒక్కొక్కరే దిగుతారు. బత్తాయిల సంచి పట్టుకున్న భద్రం దిగుతాడు. పనికెళ్లేటప్పుడు మంగపతి సంచి తనే మోసిన భద్రం దిగుతాడు. ఆదివారాల భద్రాలు చేతులు కడుక్కుంటూ వరసగా దిగుతారు. పడవలో చెప్పబోయి నీళ్లు చూస్తూ ఉండిపోయిన భద్రం తడిబట్టలతో దిగుతాడు. అందరూ మంగపతికి దారి వదిలి, తలొంచుకుని వెళ్లిపోతారు. అందరికంటే చివర దిగినవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మిల్లు బనీను, చెవి మీద బీడీ. జోకు అప్పుడే విన్నట్టుంది.

మంగపతి వాణ్ణి చాలాసేపు చూస్తాడు. తర్వాత పక్కకు జరుగుతాడు. వాడు వెళ్లిపోతాడు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

భద్రం చెవి లోపలికి పెట్టి వింటాడు. "భయం ఉంది. పోనంటోంది."

"ఉండనీ."

మంగపతి రెండు చేతులతో గొడ్డలి ఎత్తి విసురుతాడు. అది గాలిలో ఒకసారి తిరిగి భద్రం గుండె నడిమధ్య దిగుతుంది. నొప్పి లేదు. ఆరిన చెక్క మీద పడిన దెబ్బలాగా చప్పుడవుతుంది. మంగపతి దగ్గరికొచ్చి, చెవి ఆనించి, వేలి మెటికతో రెండుచోట్ల తడతాడు.

"పుచ్చు లేదు," అంటాడు.

"క్షమించావా?"

"చెక్క సంగతి చెప్తున్నాను."

అని గొడ్డలి ఊడదీస్తాడు. చీలిక నిలువుగా సాగి, ఒక పక్కకు తెరుచుకుంటుంది. తలుపు. దానికి బందులు కూడా సరిగ్గానే ఉన్నాయి. లోపల చీకటి. చీకట్లో కోత మిల్లు, మిల్లులో సగం కోసిన పదిహేడో నంబరు దుంగ, దుంగలో ఆగిపోయిన రంపం. కరెంటు లేదు.

రెండు వేళ్లు వచ్చి గుమ్మం ముందు నిలబడతాయి. ఉంగరపు వేలు రాగి ఉంగరంతో తలుపు మీద రెండుసార్లు కొడుతుంది.

"కట్టేశావా?" అని అడుగుతాయి. ఆ గొంతు పదకొండేళ్ల కిందటి మంగపతిది.

భద్రం నాలుక మీదికి ఆ మాట అలవాటుగా వచ్చి కూర్చుంటుంది. అతను దాన్ని మింగుతాడు. నడుం వంచి, తన గుండె తలుపు తనే పట్టుకుని, లోపలికి అడుగు పెడతాడు. రెండో కాలు కూడా లోపలికి తీసుకుంటాడు. పలక ముందు ఇప్పుడు తలుపు ఒక్కటే నిలబడి ఉంది.

లోపల గోడ చాలా పొడుగ్గా ఉంది. భద్రం స్విచ్చి కోసం రెండు చేతులతో తడుముకుంటూ నడుస్తున్నాడు. బయట మంగపతి మూడు వేళ్ల చెయ్యి వెనక్కి కట్టుకుని గుమ్మం ఇవతలే ఆగాడు. వేళ్లు రెండూ అతని కాళ్ల దగ్గర కూర్చున్నాయి. చాలా దూరాన, గీత దగ్గర, నూకరత్నం సుద్దముక్క ఎత్తి పట్టుకుని ఉంది. జోగారావు నవ్వడం లేదు.

లోపలి నుంచి భద్రం గొంతు వస్తుంది, మిల్లంతటికీ వినపడేలా.

"ఎవరూ చెయ్యి పెట్టకండి. ఇంకా కట్టలేదు."