తొమ్మిదివేల నంబరు ఖాతా

దుర్గవ్వ కుడిచెయ్యి మిల్లు బెల్టులో పడి నలిగిపోయిన మూడోనాడు ఇన్సూరెన్సు ఏజెంటు ఫోన్ చేశాడు. వడ్లు ఆరబెట్టే ఆడవాళ్ల కూలి ప్రీమియం లెక్కలోకే రాలేదనీ, వాళ్లలో ఒకతైన దుర్గవ్వకు పైసా రాదనీ చెప్పాడు. సిద్దిపేట శివారులోని ఆ రైసుమిల్లులో లెక్కలు చూసేది సింధుజ ఒక్కతే. కంప్యూటరు తెరవకముందే ఆమెకు సంగతి అర్థమైంది.

ఇన్సూరెన్సుకు పంపే రిపోర్టులో కూలి మొత్తం రావాలంటే ఏ నంబరు ఖాతా నుంచి ఏ నంబరు దాకా కూడాలో ముందే చెప్పిపెట్టాలి. ఐదువేల వంద నుంచి ఐదువేల రెండువందల దాకా అని పెట్టింది సింధుజే. హమాలీలు, డ్రైవర్లు, మిషన్ నడిపేవాళ్లు అందరూ ఆ వరసలోనే ఉన్నారు. కిందటేడు ఆడవాళ్లను కొత్తగా పనిలో పెట్టుకున్నప్పుడు వాళ్లకూ అక్కడే ఖాతా తెరవబోతే యజమాని నరహరి ఆపాడు. ఆయనకు తొమ్మిది కలిసొస్తుంది. లారీల నంబర్లు కూడితే తొమ్మిది. బిడ్డ పెండ్లి చేసింది పద్దెనిమిదో తారీఖున.

"కొత్త ఖర్సు ఏది తెరిసినా తొమ్మిదితోని షురూ చెయ్యి. ఎన్నడన్న నష్టమొచ్చిందా నాకు?"

"గట్లయితే మిల్లుకు గూడ తొమ్మిది దర్వాజలు పెట్టించున్రి సార్" అని ఆనాడు నవ్వుతూనే తొమ్మిదివేల నంబరుతో ఖాతా తెరిచింది. రిపోర్టులో ఆ నంబరు కలపడం మరిచిపోయింది. మొత్తం తక్కువ వచ్చింది, ప్రీమియం తగ్గింది. తగ్గినందుకు నరహరి సంతోషపడ్డాడే తప్ప ఎందుకు తగ్గిందని అడగలేదు.

ఇప్పుడు అదంతా ఆయన ముందు చెప్పి, "ఇన్సూరెన్సు రాకున్నా, పని చేస్తుండంగ దెబ్బ తాకింది కాబట్టి మనమే ఇయ్యాలె సార్" అంది.

"పని చేస్తుండంగ అని ఎవలన్నరు? మొగనికి సద్ది తెచ్చింది. కాలు జారి పడ్డది."

"ఆమె కూలి మన లెక్కలల్ల ఉన్నది గద సార్."

"అందుకే చెప్తున్న. గవన్ని తీసి చిల్లర ఖర్సులల్ల ఎయ్యి. పేర్లు ఉండొద్దు." నరహరి గొంతు తగ్గించాడు. "రిపోర్టు చేసింది ఎవలు బిడ్డా? అందరికి చెప్పమంటవా?"

సింధుజ భర్త శైలేందర్ పని పోయి ఇంట్లో ఉంటున్నాడు. పిల్లల ఫీజులు ఆమె జీతంలోంచే వెళ్తాయి. ఆమె సీట్లోకి వచ్చి కూర్చుని, ముందు ఆ ఖాతాను ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకుంది. తర్వాత ఒక్కొక్క పద్దూ తీసి ఆయన చెప్పిన చోట వేసింది. సాయంత్రానికి తొమ్మిదివేల నంబరులో ఏమీ మిగల్లేదు.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయింది. దుర్గవ్వ భర్త మైసయ్య వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతనూ ఆ మిల్లులోనే హమాలీ. సింధుజ బ్యాగులోంచి ప్రింటు తీసి అతని చేతికిచ్చింది.

"కాకా, ఈ కాగితాలల్ల చిన్నమ్మ పేరు, కూలి అన్ని ఉన్నయి. లేబర్ ఆఫీసుల చూపెట్టు. నేనిచ్చిన్నని మాత్రం చెప్పకు."

మైసయ్య కాగితాలను అటూ ఇటూ తిప్పాడు. "మరి ఎవలిచ్చిన్రని చెప్పాలె?"

సింధుజ బ్యాగు జిప్పు వేసుకుంది.

"పగటీలి సారొచ్చి పోయిండు" అన్నాడు మైసయ్య. "సద్ది తెచ్చిందని రాసుకొచ్చిన్రు. ఏలుముద్ర ఏసిన. దవాఖాన బిల్లు కడతన్నడు. రేపు నేను గాడనే మూటలు మొయ్యాలె గద బిడ్డా." కాగితాలు మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

లోపలి నుంచి దుర్గవ్వ గొంతు వినబడింది. "ఎవలయ్యా వచ్చింది?"

"ఆఫీసు మేడం."

సింధుజ లోపలికి వెళ్లక తప్పలేదు. మణికట్టు పైదాకా తీసేసిన చేతికి కట్టు ఉంది. దుర్గవ్వ ఎడమచేత్తో కొంగు సర్దుకుని, మంచం మీద కొంచెం జాగ ఇస్తూ జరిగింది.

"కూసో బిడ్డా. నా పని ఎవ్వలకు ఇయ్యద్దని సారుకు చెప్పు. ఒక్క చేత్తోనన్న వడ్లు ఊడుస్త."