నీళ్లు లేని కొలను

ఆమె ఉద్యోగం వీడియోలు చూడటం. ఆ మాట వినగానే అదృష్టవంతురాలివి అనేవారు. కానీ ఆమె ముందుకు వచ్చేవి, చూసినవాళ్లు తట్టుకోలేక ఫిర్యాదు చేసినవి. కొట్టుకోవడాలు, గుద్దుకోవడాలు, పైనుంచి పడిపోవడాలు. చూసి, ఉంచాలో తీసేయాలో తేల్చి, బటన్ నొక్కి, తర్వాతదానికి వెళ్లాలి. చేరిన కొత్తలో తిండి సయించేది కాదు. తర్వాత సయించింది. ఇంకొన్నాళ్లకు ఏం చూసినా చీమ కుట్టినట్టయినా అనిపించడం మానేసింది. పక్క సీట్లవాళ్లు మధ్యలో లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేవారు. ఆమె లేచేది కాదు. ఆఫీసులో ఆమెకు ‘రాయి’ అని పేరు పెట్టారు. దానికీ ఆమె ఏమీ అనుకోలేదు.

ఆదివారాలు మాత్రం వదినతో కలిసి పాడుబడ్డ భవనాలు చూడటానికి వెళ్లేది. ఈ సరదా అంటించింది వదినే. ఆవిడ బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. వారమంతా మనుషుల తలలతోనే గడుస్తుంది కాబట్టి సెలవు రోజున తలకాయ అన్నది కనపడని చోటికి పోవాలనేది ఆవిడ కోరిక. మనుషులున్న ఇళ్లకు మనల్ని ఎవరూ పిలవడం లేదు, మనుషుల్లేని ఇళ్లకైనా పోదాం పద అనేది. ఇంట్లో బూజు దులపడానికి లేని ఓపిక ఊళ్లో బూజు చూడటానికి ఎక్కణ్ణుంచి వస్తుందో అని అన్న సణిగేవాడు.

ఈ పిచ్చి ఉన్నవాళ్లకు ఫోన్‌లో ఓ గ్రూపు ఉంది. మూతపడ్డ ఫ్యాక్టరీలు, ఖాళీ హాస్టళ్లు, ఆటలు ఆగిపోయిన సినిమా హాళ్లు, ఎవరికి ఏది దొరికితే దాని ఫోటోలు పెడతారు. చిరునామా మాత్రం బయటపెట్టకూడదు. పెడితే మర్నాటికి కిటికీ రెక్కలు కూడా మిగలవు. వదిన అందరితో స్నేహం కలిపి, మెల్లగా కూపీ లాగి, ఆ చోట్లు తెలుసుకునేది. ఆడపడుచు మాత్రం ఒక్క ఫోటో తీసేది కాదు. ఆ గదుల్లో ఏదీ కదలదు. ఎవరూ అరవరు. చూసి ఏదీ తేల్చనక్కర్లేదు. ఆమెకు నచ్చింది అదే. నచ్చింది అనడం కూడా పెద్ద మాటేమో. అక్కడ కళ్లు మండేవి కావు, అంతే.

ఆ ఆదివారం వాళ్లు వెళ్లింది ఎప్పుడో మూసేసిన ఈతకొలనుకు. వెనక కంచెలో మనిషి దూరేంత సందు ఉంది. ముందు దూరిన వదిన జడ తీగకు చిక్కుకుంటే, పక్కవాళ్ల జుట్టు సవరించి సవరించి నా జుట్టుకు దిష్టి తగిలిందని తిట్టుకుంటూ విడిపించుకుంది. లోపల టికెట్ల కిటికీ, చెప్పుల అరలు, తడికాళ్లతో పరుగెత్తవద్దని హెచ్చరించే బోర్డు. బట్టలు మార్చుకునే గదిలో ఓ అల్మారా నిండా చిన్నపిల్లల ఈత కళ్లద్దాలు. వదిన ఒకటి పెట్టుకుని ఎలా ఉన్నానని అడిగింది. కప్పలా ఉన్నావంది ఆమె.

అప్పుడే లోపలినుంచి మూలుగు వినిపించింది. వదిన కుక్క అనుకుంది.

కొలనులో నీళ్లు లేవు. నీలం పలకల మీద ఎండుటాకులు, పైకప్పునుంచి రాలిన గాజుపెంకులు. లోతు వైపు అడుగున ఓ యువకుడు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. పైన, నీళ్లలోకి దూకడానికి వేసిన బల్ల సగానికి విరిగి వేలాడుతోంది. దాని మీద నిలబడి మాట్లాడుతూ వీడియో తీసుకుంటున్నట్టున్నాడు. ఎదుటి గట్టు మీద, మూడుకాళ్ల స్టాండుకు బిగించిన ఫోన్ ఇంకా ప్రత్యక్ష ప్రసారం చేస్తూనే ఉంది.

వదిన కెవ్వుమని, ఇనుప మెట్లు పట్టుకుని కిందికి దిగింది. ఆమె మాత్రం ఫోన్ దగ్గరికి నడిచింది. తెర కొలను వైపు తిరిగి ఉంది. దాన్ని చూడాలంటే కొలనుకు వీపు పెట్టాలి. పెట్టింది. తెరలో తన మొహం, భుజం వెనక విరిగిన బల్ల, కింద మూలన అతని బూటు. పక్కన చూసేవాళ్ల మాటలు పైకి పాకుతున్నాయి. నాటకం అన్నారు కొందరు. నవ్వులు పెట్టారు కొందరు. ఎవరైనా వెళ్లండి, అది ఎక్కడ, ఎక్కడ అని అడుగుతున్నారు ఇంకొందరు. ఎక్కడో అతను చెప్పలేదు, ఎవరికీ తెలియదు.

ఆమె చూస్తోంది. ప్రమాదం. రక్తం కొద్దిగా. మనిషి కదులుతున్నాడు. ఉంచవచ్చు. ఆమె బొటనవేలు తెర మీద బటన్ కోసం వెతికింది.

"చిట్టీ, అక్కడ కాదే," అంది వదిన కిందనుంచి. "మనిషి ఇక్కడున్నాడు. ఇటు చూడు."

ఆమె తిరిగి చూసింది. తెర వదిలి మెట్ల వైపు నడుస్తూ తన ఫోన్ తీసింది. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, వీధి, మలుపు, కంచెలో సందు ఎటు వైపో ఆఫీసులో మాట్లాడే గొంతుతోనే చెప్పింది. దారి చూపించడానికి వదిన బయటికి పరుగెత్తితే ఆమె కిందికి దిగి అతని పక్కన కూర్చుంది. ఏదైనా మాట్లాడమన్నాడు అతను. పక్క గదిలో ఈత కళ్లద్దాలున్నాయని చెప్పింది. వదిన పెట్టుకుంటే కప్పలా ఉందని చెప్పింది. అతను చెయ్యి చాస్తే పట్టుకుంది. మనుషులు వచ్చేదాకా వదల్లేదు.

అతని తుంటి ఎముక, కాలు విరిగాయి. ప్రాణానికి ముప్పు లేదన్నారు.

నాలుగైదు రోజుల తర్వాత ఆ వీడియో ఆఫీసులో ఆమె ముందుకే వచ్చింది. చాలామంది ఫిర్యాదు చేశారు, పడిపోవడం గురించి కాదు, ఆమె గురించి. కింద మనిషి మూలుగుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు ఎలా నిలబడిందో చూడండి, ఇది మనిషేనా అని రాశారు. తను నిలబడింది క్షణమే అనుకుంది ఆమె. వీడియోలో అది అయిపోలేదు, సాగుతూనే ఉంది. తన మొహంలో ఏముందోనని తెరకు దగ్గరగా వంగి వెతికింది. ఏమీ లేదు. మెట్లు దిగడం, చెయ్యి పట్టుకోవడం తెరకు అందలేదు. నిబంధనల ప్రకారం తప్పు కూడా ఏమీ లేదు. ‘ఉంచవచ్చు’ నొక్కింది. తర్వాతది వచ్చింది.

ఆ సాయంత్రం సంగతి చెబితే వదినకు కోపం వచ్చింది.

"చేతిలో బటన్ పెట్టుకుని తీసేయలేదా?"

"నా మొహమని తీసేస్తారా వదినా? అలాంటి రూల్ లేదు."

వదిన దేనికైనా ఓ జోకు వేసే మనిషి. అప్పుడు వేయలేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి, పార్లర్‌లో కుర్చీలో కూర్చున్నవాళ్ల మొహం వెలుతురుకు తిప్పినట్టు తిప్పి, కాసేపు చూసి వదిలేసింది.

మరుసటి ఆదివారం ఏ భవనానికీ వెళ్లలేదు. ఆసుపత్రికి వెళ్లారు. యువకుడి కాలు బరువులు కట్టి పైకి వేలాడదీసి ఉంది. జనం మిమ్మల్ని తిడుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకునే కూర్చుందని రాశాను, ఎవరూ నమ్మడం లేదు అన్నాడు. వదిన కమలాపండు వలిచి ఇచ్చింది. తొనలు తింటూ, కొంచెం తటపటాయించి, అతను ఆమెనే అడిగాడు.

"అంతసేపు నిలబడి ఏం చూశారండీ?"

"మీ వీడియో."

"ఎలా ఉంది?"

అడిగాక తనేమడిగాడో అతనికి తెలిసింది. వదిన ఫక్కున నవ్వింది. అతనూ ఆపుకోలేక నవ్వాడు, ఆ కుదుపుకు తుంటి కలుక్కుమని కళ్లు మూసుకుని మూలిగాడు. ఆమెకు నవ్వు రాలేదు. కుర్చీలోంచి మాత్రం లేచింది. నర్సు కోసం వరండాలోకి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. మలుపు తిరిగి రెండో వరండాలో వెతికింది, అక్కడా లేకపోతే మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్లింది.