బండి చిట్టీ

జొన్నపిండిలో వేడినీళ్లు పోసి పిసుకుతుంటే మా అత్త వెనక నిలబడి అంది: “రొట్టెలమ్ముకునే కోడలని ఊరంత నవ్వుతున్నరు.” ఆ నవ్వేవాళ్లంతా ఇబ్రహీంపట్నం తాలూకా కచేరి ముందు మా బండి దగ్గరే తింటున్నారని ఆమెకు చెప్పేదెవరు?

యూనియన్ పటాలం వచ్చి రజాకార్ల భయం పోయిన ఏడు అది. మంచాల ఊరి దాకా ఉన్న పల్లెల నుంచి కచేరికి నడిచొచ్చినవాళ్లు ఆకలితో కూర్చునేవారు. అది చూసే మా అమ్మ పెట్టిన వెండి కడియాలు అమ్మి పాత ఎడ్లబండి కొన్నాను. గూడు కట్టించి, వెనక మట్టిపొయ్యి పెట్టించాను. పిండి విసరడం, పుంటికూర పప్పు వండడం, ఎడ్లకు కుడితి పెట్టడం, గిన్నెలు తోమడం నావి. మా ఇంటాయన బండి తోలి, దాని కిందే నీడకు పడుకునేవాడు. అయినా జనం ఆయన బండి అనేవారు.

ఒకనాడు చల్లగా అన్నాడు: “బండి గడ్డి గుత్తేదారు జంగాకు అమ్ముతున్న. మాటిచ్చిన.”

“అవి నా కడియాలయ్యా.”

“నా ఇంట్లకొచ్చినంక నావి గావా?”

లేచి ఎడ్లకు కుడితి పెట్టబోయాను.

దొరల మీద తిరగబడ్డ సంగపోళ్లకు బండ్లలో తుపాకులు పోతున్నాయని, ప్రతి బండికీ అది ఎవరిదో కచేరిలో చిట్టీ రాయించాలన్నారు. చిట్టీ లేకుంటే కొననన్నాడు జంగా. కచేరికి పోవాలంటే మా ఇంటాయనకు భయం. “మొగోళ్లు పోతే సంగపోళ్లని లోపలేస్తున్నరు. నువ్వు పో. నా పేరు రాయించుకరా.”

మొగుడి పేరు ఆడది నోట ఎత్తదు కదా, వెంట వచ్చినవాళ్లు చెప్పాలి. అందుకే పక్కింటి ఈదమ్మను తీసుకుపోయాను.

“నీ మొగని పేరేంది?” అన్నాడు గుమాస్తా.

నేను తల దించుకున్నాను. ఈదమ్మ నోరు తెరిచింది. ఎందుకో, ఆ క్షణాన ఆమె కాలు గట్టిగా తొక్కాను. ఆమె నా మొహం చూసింది. నోరు మూసుకుంది.

“నీకు గూడ తెల్వదా?”

“పక్కింటోళ్లే దొరా. పేరు జర యాదికొస్తలేదు.”

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. గుమాస్తా విసుక్కున్నాడు. “నీ పేరన్న చెప్తవా?”

“మణెమ్మ.”

మర్నాడు జంగా ఆ చిట్టీ చదివి మా ఇంటాయన చేతిలో తిరిగి పెట్టాడు. “బండి నీ పెండ్లాం పేర ఉన్నది. ఆమె ఇస్తనంటే కొంట.”

“ఇయ్యను,” అన్నాను.

మా ఇంటాయన నా మీదికి వచ్చాడు. “నా పేరెందుకు చెప్పలేదే?”

నేను నోరు తెరిచేలోపే మా అత్త అడ్డం వచ్చింది. “మొగని పేరు నోటితోని ఎట్ల చెప్తదిరా? బుద్ధున్నదా నీకు?”

పన్నెండేళ్ల కాపురంలో ఆమె నా వైపు మాట్లాడింది ఆ ఒక్కసారే.